ఛార్జర్ ఎస్టిమేటుకు టీకా, తాత్పర్యం

ఎలక్ట్రిక్ కారు బుక్ చేసినవాళ్ల చేతికి తాళం కంటే ముందే ఒక కాగితం వస్తుంది. ఇంటి దగ్గర ఛార్జర్ బిగించడానికి ఎంతవుతుందో చెప్పే ఎస్టిమేటు అది. చాలామంది అడుగున ఉన్న మొత్తం చూసి బేరానికి దిగుతారు. పైనున్న వరసలు ఎవరికీ పట్టవు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో అపార్ట్‌మెంటులో ఉండేవాళ్లకు వచ్చే అలాంటి కాగితాన్నే మూలంగా పెట్టుకుని, వరసవరసకూ అర్థం చెప్పుకుందాం.

వాల్‌బాక్స్ ఛార్జర్, 7.2 కిలోవాట్లు – 1

కాగితంలో పెద్ద అంకె ఇదే. కంపెనీని బట్టి సుమారు పాతిక వేల నుంచి యాభై వేల దాకా ఉంటుంది. అయితే గోడకు బిగించే ఈ పెట్టె బ్యాటరీని నేరుగా నింపదు. ఏసీ కరెంటును డీసీగా మార్చే యంత్రం కారులోనే ఉంటుంది. దాన్ని ఆన్‌బోర్డ్ ఛార్జర్ అంటారు. ఎంత కరెంటు తీసుకోవచ్చో కారుకు సంకేతం ఇవ్వడం, కారు సిద్ధమన్నాక లైను కలపడం, తేడా వస్తే తెంచడం, ఇవే గోడమీది పెట్టె పనులు. కాబట్టి పెట్టె మీద ఏ అంకె రాసివున్నా కారు తీసుకోగలిగినంతే తీసుకుంటుంది. 2022లో వచ్చిన టియాగో ఈవీలో 3.3 కిలోవాట్ల ఆన్‌బోర్డ్ ఛార్జర్ ఉన్న రకాలూ ఉన్నాయి, 7.2 ఉన్నవీ ఉన్నాయి. మొదటి రకం కొన్నవాళ్లు 7.2 పెట్టె పెట్టించినా ఒక్క నిమిషం కూడా ఆదా కాదు.

శంక: 7.2 తీసుకోగల కారే అనుకుందాం. అప్పుడైనా పెట్టె తప్పనిసరేనా?

సమాధానం: రోజుకు 40 కిలోమీటర్లు తిరిగే కారు, యూనిట్‌కు ఏడు కిలోమీటర్ల లెక్కన, ఆరు యూనిట్లు ఖర్చు చేస్తుంది. 3.3 కిలోవాట్ల దగ్గర అది రెండు గంటల పని. 45 యూనిట్ల బ్యాటరీని అడుగు నుంచి నింపాలంటే 3.3 కిలోవాట్లతో దాదాపు 14 గంటలు, 7.2తో ఆరున్నర గంటలు పడుతుందన్నది నిజమే. కానీ రోజూ బ్యాటరీ అడుగంటేదాకా తిరిగేవాళ్లు ఎందరు? ట్యాక్సీ నడిపేవారికి, ఒకే పాయింటు మీద రెండు కార్లు ఉన్నవారికి, రోజూ దూరాభారం పోయేవారికి పెట్టె కావాలి. మిగిలినవారికి కారుతో వచ్చే పోర్టబుల్ ఛార్జరూ, మంచి 16 ఆంపియర్ల పాయింటూ సరిపోతాయి.

ఇక్కడ ‘మంచి’ అన్నమాటకు కారణముంది. గీజర్ కూడా అంతే కరెంటు లాగుతుంది కానీ పది పదిహేను నిమిషాల్లో ఆగిపోతుంది. కారు గంటల తరబడి లాగుతూనే ఉంటుంది. అంతసేపటి వేడికి వదులైన సాకెట్ పిన్నుల దగ్గర కరిగిపోతుంది. అందుకని ఇండస్ట్రియల్ రకం సాకెట్, దానికి విడిగా 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు వేయించాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సు జోలికి పోకూడదు.

రాగి వైరు, 6 స్క్వేర్ ఎంఎం – మీటరు లెక్కన

ఇద్దరు పొరుగువాళ్లు ఒకే పెట్టె కొన్నా బిల్లులు వేరుగా రావడానికి కారణం ఈ వరసే. అపార్ట్‌మెంటులో మీ కరెంటు మీటరు నుంచి మీ పార్కింగ్ దాకా వైరు రావాలి. మీటర్ల ప్యానెల్ సెల్లార్‌లోనే ఉంటే పది, పదిహేను మీటర్లతో పోతుంది. ప్యానెల్ ఒక మూల, మీ కారు ఇంకో మూల అయితే నలభై దాటుతుంది. ఫేజు, న్యూట్రల్, ఎర్త్ కలిపి మూడు తీగలు, వాటికి పైపు, క్లాంపులు, గోడ తొలచే కూలి అన్నీ ఆ దూరంతోనే పెరుగుతాయి. కార్ల కంపెనీలు ‘ఉచిత ఇన్‌స్టలేషన్’ అన్నప్పుడు ఎన్ని మీటర్ల దాకా ఉచితమో ముందే అడగాలి. అది దాటిన ప్రతి మీటరుకూ మీరే కట్టాలి.

కొందరు ఎలక్ట్రీషియన్లు 10 స్క్వేర్ ఎంఎం వేస్తే కరెంటు ఆదా అంటారు. లెక్క వేద్దాం. నలభై మీటర్ల దూరానికి, 32 ఆంపియర్ల దగ్గర, 6 వైరులో సుమారు 240 వాట్లు, 10 వైరులో సుమారు 140 వాట్లు వేడిగా పోతాయి. నెలకు 150 యూనిట్లు ఎక్కించే ఇంట్లో ఆ తేడా రెండు యూనిట్లు. వైరు ధరలో తేడా దీంతో తీరదు. లావు వైరు వేయించాల్సింది వైరు వేడెక్కకూడదని, దూరం ఎక్కువైనచోట వోల్టేజీ పడిపోకూడదని. ఆదా కోసమైతే అనవసరం.

ఎంసీబీ, 40 ఆంపియర్లు. ఆర్‌సీసీబీ, 30 మిల్లీఆంపియర్లు

మొదటిది వైరును కాపాడుతుంది, రెండోది మనిషిని. వెళ్లిన కరెంటుకూ తిరిగొచ్చిన కరెంటుకూ మధ్య తేడా 30 మిల్లీఆంపియర్లకు చేరేసరికే ఆర్‌సీసీబీ లైను తెంచేస్తుంది. వానాకాలం సెల్లార్‌లో తడిచేత్తో ఛార్జింగ్ గన్ పట్టుకునేవాళ్లకు ఇదే రక్ష. చిక్కేమిటంటే కారు వైపు నుంచి డీసీ లీకేజీ వస్తే మామూలు ఆర్‌సీసీబీ మొద్దుబారిపోతుంది. 6 మిల్లీఆంపియర్ల డీసీని పసిగట్టే ఏర్పాటు పెట్టెలోనే ఉంటే బయట టైప్ ఏ రకం ఆర్‌సీసీబీ చాలు. లేకపోతే టైప్ బి కావాలి, దాని ధర ఎన్నో రెట్లు. కాబట్టి ఈ వరస తేల్చుకోవాలంటే మొదటి వరసలోని పెట్టె స్పెసిఫికేషన్ చదవాల్సిందే. తగ్గించమని బేరమాడేటప్పుడు మాత్రం ఈ వరస జోలికి వెళ్లకండి.

ఎర్తింగ్

పాత అపార్ట్‌మెంట్లలో ఎర్త్ పిట్ ఎక్కడుందో వాచ్‌మన్‌కు కూడా తెలియదు. ఫ్యాను, టీవీ దాన్ని పట్టించుకోవు. కారు పట్టించుకుంటుంది. ఎర్త్ సరిగ్గా లేకపోతే చాలా ఛార్జర్లు ఎర్ర లైటు చూపి మొరాయిస్తాయి. కొత్త గుంట తవ్వించే ముందు న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజీ కొలిపించండి. ఉన్న గుంటలో నీళ్లు పోయించి, తుప్పు పట్టిన కనెక్షన్ మార్పిస్తే సరిపోయిన ఇళ్లున్నాయి.

అదనపు లోడు ఛార్జీలు

32 ఆంపియర్లను 230 వోల్టులతో గుణిస్తే 7.36 కిలోవాట్లు. మూడు, నాలుగు కిలోవాట్లు మంజూరైన ఫ్లాట్‌కు ఇది ఇంకో రెండు ఇళ్లు తోడైనట్టే. కరెంటు పంపిణీ సంస్థ అయిన డిస్కమ్‌కు డెవలప్‌మెంట్ ఛార్జీలు, సెక్యూరిటీ డిపాజిట్ కట్టి లోడు పెంచుకోవాలి. త్రీఫేజ్ మీటరూ అవసరం కావచ్చు. చాలా పెట్టెల్లో కరెంటును 16 ఆంపియర్లకు తగ్గించి పెట్టుకునే వీలుంది. దాన్ని వాడుకుని, ఏసీలూ గీజర్లూ ఆగిన అర్ధరాత్రి ఛార్జింగ్ పెట్టేవారికి ఈ భారం తగ్గుతుంది.

ఇంట్లో ఉన్న కనెక్షన్‌తోనే కారు ఛార్జి చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ 2022 మార్గదర్శకాలు స్పష్టం చేశాయి. కావాలంటే విడిగా ఈవీ కనెక్షన్ అడిగే హక్కును 2024 ఫిబ్రవరిలో వినియోగదారుల హక్కుల నిబంధనలకు చేసిన సవరణ ఇచ్చింది. వైరు వేసే అనుమతికి అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కు ఉత్తరం రాసేటప్పుడు ఈ రెండూ ప్రస్తావిస్తే మాట నెగ్గుతుంది.

జీఎస్టీ

ఈవీ ఛార్జర్లపై పన్ను 2019 ఆగస్టు 1 నుంచి 18 శాతం కాదు, 5 శాతం. వైరుకు, కూలికి 18 శాతమే. అన్నీ కలిపి ఒకే అంకె వేసి దానిమీద 18 శాతం కట్టించే ఎస్టిమేటు వస్తే, వరసలు విడగొట్టి రాయమనండి.

కాగితంలో లేని వరస

నెలనెలా వచ్చే కరెంటు బిల్లు ఎస్టిమేటులో ఉండదు. తెలంగాణలో 2022 నుంచి అమలైన గృహ టారిఫ్ ప్రకారం నెలకు 200 యూనిట్లు కాల్చే ఇంటికి కరెంటు ఖరీదు రూ. 820. కారు 150 యూనిట్లు తోడైతే మొత్తం 350. అప్పుడు పై స్లాబులే కాదు, మొదటి 200 యూనిట్ల ధర కూడా మారిపోతుంది. మొత్తం రూ. 2,240 అవుతుంది. అంటే కారు యూనిట్ ఒక్కింటికి దాదాపు రూ. 9.50 పడింది. ఆంధ్రప్రదేశ్‌లో గృహ టారిఫ్ పై స్లాబు రూ. 9.75, ఈవీ ఛార్జింగ్ కేటగిరీలో యూనిట్ రూ. 6.70. ఎక్కువ తిరిగేవారు విడి మీటరుకు ఏ కేటగిరీ వర్తిస్తుందో డిస్కమ్ ఏఈ ఆఫీసులో అడిగి, దానికయ్యే ఖర్చుతో బేరీజు వేసుకోవాలి.

తాత్పర్యం

పెట్టె ఒకసారి కొనేది, నచ్చకపోతే మానుకోగలిగేది. దూరం, ఎర్త్, మంజూరైన లోడు మాత్రం మీ ఇంటితో ముడిపడినవి, ఏ కారు కొన్నా మారవు. అందుకే ముందు మీటరు దగ్గర నుంచి పార్కింగ్ దాకా టేపు పట్టి కొలవండి, ఎర్త్ చూపించండి, బిల్లు మీద మంజూరు లోడు ఎంతో చదవండి. 16 ఆంపియర్ల పాయింటుతో కొన్ని నెలలు నడపండి. అది చాలడం లేదని మీకే తేలిన రోజున మొదటి వరసకు డబ్బు కట్టినా ఆలస్యమేమీ కాదు.