చదువుకు తూనిక: ఆదోని సీమ చెప్పే చరిత్ర

ఆదోనిలో ‘గ్రేడు’ అనే మాటను ఎవరికీ వివరించి చెప్పనక్కరలేదు. పత్తి యార్డుకు సరుకు తెచ్చిన రైతుకు బడి చదువు లేకపోయినా ఆ మాట తెలుసు. పింజ పొడవు ఎంత, రంగు ఎట్లున్నది, చెత్త ఎంత కలిసినది, తేమ ఎంత అనే వాటినిబట్టి ధర. తేమ 8 శాతం లోపు ఉంటే కాటన్ కార్పొరేషన్ పూర్తి మద్దతు ధర ఇస్తుంది. 12 శాతం దాటితే కొనదు. ఆ తేమ రైతు చేసిన తప్పా, ముందునాడు కురిసిన వాన చేసిన తప్పా అని తేమ చూచే యంత్రం అడగదు. అయినా ఈ బేరంలో ఒక నిజాయితీ ఉన్నది. గ్రేడు కట్టేది కొనేవాని సౌకర్యం కోసమని అందరికీ తెలుసు. గ్రేడు తగ్గినంత మాత్రాన ఆ పత్తికి బుద్ధి లేదని ఎవరూ అనరు.

పిల్లలకు గ్రేడు కట్టేటప్పుడు మనం ఈ సంగతిని మరచిపోతున్నాము. కొనేవాని కోసం కట్టిన తూకాన్ని పిల్లవాని బుద్ధికే కొలత అని నమ్ముతున్నాము. ఈ నమ్మకం ఎక్కడి నుండి వచ్చిందో తెలియాలంటే చరిత్రలోకి పోవాలి. అందుకు ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతం కంటె మంచి చోటు లేదని నా అభిప్రాయం.

1800లో నిజాం కుంఫిణీకి వదలిపెట్టిన సీమలో ఆదోని ఒక భాగం. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడి కర్నూలు జిల్లాలో చేరేవరకు అది బళ్ళారి జిల్లాలో ఉండేది. ఎమ్మిగనూరు ఆదోని తాలూకాలోది. మద్రాసు గవర్నరు మన్రో 1822లో జిల్లాల బడుల లెక్క తీయించినప్పుడు, బళ్ళారి కలెక్టరు ఎ.డి. కాంబెల్ 1823 ఆగస్టులో ఒక నివేదిక పంపినాడు. తెలుగు వ్యాకరణం రాసిన కాంబెల్ ఇతడే. అతని లెక్కలో జిల్లా జనాభా 9,27,857, బడులు 533, చదివే పిల్లలు 6,641. కన్నడ బడులు 235, తెలుగు బడులు 226. మిగిలినవి మరాఠీ, పారశీకం, సంస్కృతం, తమిళం బడులు. ఇంగ్లీషు బడి ఒక్కటే.

ఆ బడులలో విద్యార్థికి ‘తరగతి’ ఎట్లా కట్టేవారో కాంబెల్ రాసినాడు. ఉదయం మొదట వచ్చినవాని అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండవవానికి సున్న చుట్టేవారు. అంటే మెప్పూ లేదు, తప్పూ లేదు. మూడవవానికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు, ఆ తరువాత వచ్చేవారికి తలకొక దెబ్బ చొప్పున ఎక్కువ. ఈ పద్ధతి కొలిచేది చదువును కాదు, బడికి వచ్చిన వేళను. పొద్దున్నే పశువులను తోలి, నీళ్ళు మోసి వచ్చే పిల్లవాని చేతిలో సరస్వతి పేరు ఎన్నడైనా పడి ఉంటుందా అని మనం అడగవచ్చు. మొదటి గ్రేడు ఆనాడే తీరిక ఉన్న ఇంటికి దక్కింది.

మన పాత బడులు స్వర్ణయుగమని, తెల్లవాడు వచ్చి వాటిని పాడుచేసినాడని చెప్పేవారున్నారు. ఇది సగం మాట. ఆ 6,641 మందిలో ఆడపిల్లలు 60 మంది. బద్ధకించిన పిల్లలను రెండు చేతులు కట్టి పైకప్పునుండి వేలాడదీయడమూ ఆ బడులలోనే ఉన్నది. అయితే ఆ కలెక్టరే మరొక నిజం ఒప్పుకున్నాడు. ఇంగ్లండు మిల్లుగుడ్డ వచ్చి ఇక్కడి చేతిపని వారి బ్రతుకు దెబ్బతిన్నదని, పేదరికం పెరిగి, పిల్లలు కూలికి అవసరమై, బడులు తగ్గిపోతున్నవని రాసినాడు. మగ్గం పడిపోతే బడి పడిపోతుంది. 1938లో మాచాని సోమప్ప చేనేతకారుల సహకార సంఘం పెట్టిన ఎమ్మిగనూరులో ఈ మాటకు వేరే వ్యాఖ్యానం అక్కరలేదు.

ఇక మార్కుల సంగతి. 1844లో గవర్నర్ జనరల్ హార్డింజి ఇంగ్లీషు చదివి పరీక్షలో నెగ్గినవారికి ప్రభుత్వోద్యోగాలలో ప్రాధాన్యం ప్రకటించినాడు. 1857లో మద్రాసు, కలకత్తా, బొంబాయి విశ్వవిద్యాలయాలు లండను నమూనాపై పుట్టినవి. ఇవి పాఠం చెప్పేవి కావు, పరీక్ష పెట్టేవి. 1858లో కలకత్తాలో జరిగిన మొదటి బి.ఏ. పరీక్షలో నెగ్గిన ఇద్దరిలో ఒకడు బంకించంద్రుడు. ఆ ఇద్దరికీ ఒక విషయంలో కొద్ది మార్కులు తగ్గితే దయతో కలిపి పట్టాలిచ్చినారు. మార్కు అనేది ఆకాశం నుండి పడిన సత్యం కాదని, కావలసినప్పుడు జరిపే గీత అని మొదటి ఏడే తేలిపోయింది.

ప్రాథమిక బడులకు ‘ఫలితాలనుబట్టి గ్రాంటు’ వచ్చింది. ఇంగ్లండులో 1862లో మొదలైన ఈ పద్ధతి మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. ఇన్‌స్పెక్టరు ఏడాదికొకసారి వచ్చి పరీక్షిస్తాడు. ఎంతమంది నెగ్గితే అంత గ్రాంటు. పిల్లవాని మార్కు పంతులుగారి కూడు అయింది. అర్థం కాకపోయినా ఫరవాలేదు, అప్పజెబితే చాలు. నేటి ‘శత శాతం ఫలితాల’ ప్రచారానికి వంశవృక్షం కావాలంటే అది ఇక్కడ దొరుకుతుంది.

ఈ రోగాన్ని ఎవరూ గుర్తించలేదనడం అన్యాయం. 1911 ప్రాంతంలో మెట్రిక్యులేషను స్థానంలో వచ్చిన ఎస్.ఎస్.ఎల్.సి.లో, ఒక్క పరీక్షమీదే భారం వేయకుండా బడిలో వచ్చిన మార్కులను కూడా నమోదు చేసే ఏర్పాటున్నది. భారత విద్యా కమిటీకి 1929లో అధ్యక్షత వహించిన ఫిలిప్ హార్టాగ్, 1935లో ఇంగ్లండులో ఒక పరిశోధన ప్రకటించినాడు. 14 మంది పరీక్షకులకు 15 చరిత్ర జవాబు పత్రాలిచ్చి, ఏడాది దాటిన తరువాత వాటినే మళ్ళీ దిద్దించినారు. మొత్తం 210 తీర్పులలో 92 మారిపోయినవి. తానిచ్చిన తీర్పుకే తాను కట్టుబడలేని పరీక్షకుడు 34కూ 35కూ నడుమ గీత గీసి ఒక జీవితాన్ని రెండుగా కోస్తున్నాడు.

ఈ కారణంగానే 1952–53లో మాధ్యమిక విద్యా కమిషన్ అంకెలకు బదులు అయిదు అక్షరాల గ్రేడులు పెట్టమన్నది. దాని అధ్యక్షుడు ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియారు. ఆయన పుట్టింది కర్నూలులోనే. ఆదోని కర్నూలు జిల్లాలో చేరిన ఏడే కర్నూలులో పుట్టిన మనిషి చేసిన ఈ సలహా, ఆదోని పదవ తరగతి పిల్లలకు అందడానికి దాదాపు అరవై ఏండ్లు పట్టింది.

2012లో ఆంధ్రప్రదేశ్ పదవ తరగతి ఫలితాలు గ్రేడులలో వచ్చినవి. 91 నుండి 100 దాకా ఏ-1, పది పాయింట్లు. 81 నుండి 90 దాకా ఏ-2, తొమ్మిది. ఇట్లా దిగుతూ వచ్చి, విషయాల పాయింట్ల సగటును జి.పి.ఏ. అన్నారు. ఒక్క మార్కు కోసం ర్యాంకులు పోయే పిచ్చి దీనితో తగ్గాలి. కాని కార్పొరేటు బడులు నెల తిరక్కుండానే ‘పదికి పది’ వచ్చిన పిల్లల ముఖాలను గోడలకెక్కించినవి. తరువాత బడిలోనే వేసే 20 మార్కులు చేర్చినారు. ఆ మార్కులను 2019లో తీసివేసినారు. 2020, 2021లలో మహమ్మారి వల్ల అందరూ ఉత్తీర్ణులు. 2022లో గ్రేడులను పక్కనబెట్టి మార్కులకే తిరిగిపోయినారు. ఆ ఏడు రాష్ట్రంలో నెగ్గినవారు 67.26 శాతం.

కళాశాలలలో చిత్రం తలక్రిందులు. అక్కడ 2015 తరువాత మార్కుల నుండి గ్రేడులకు నడిచినాము. ‘ఓ’ నుండి ‘ఎఫ్’ దాకా పది పాయింట్ల కొలబద్ద. ఆదోని డిగ్రీ విద్యార్థికి పట్టా ఇచ్చే చోటు మద్రాసు నుండి తిరుపతికి, అక్కడినుండి అనంతపురానికి, 2008 తరువాత కర్నూలుకు దగ్గరయింది. చోటు దగ్గరయింది కాని పరీక్ష స్వభావం దగ్గర కాలేదు.

బడిలో అక్షరం పోయి అంకె వచ్చింది, కళాశాలలో అంకె పోయి అక్షరం వచ్చింది. రెండుచోట్లా ఫలితం ఒకటే అయినప్పుడు దోషం అంకెలోనూ అక్షరంలోనూ లేదని తేలుతున్నది. కొలత మీద రెండు పనులు మోపినాము. మొదటిది, ఈ పిల్లవానికి ఏమి వచ్చింది, ఏమి రాలేదు అని పంతులుకు చెప్పడం. రెండవది, చాలని సీట్లకు, చాలని ఉద్యోగాలకు ఎక్కువమందిని తోసివేయడం. 1844 నుండి రెండవ పనే మొదటి పనిని మింగుతున్నది. సీట్లు చాలనంత కాలం గ్రేడును ఎంత మెత్తని అక్షరంతో రాసినా అది జల్లెడే.

ఆ జల్లెడలో మొదట జారేది ఎవరు? దీపావళి దాటగానే కోసిగి, మంత్రాలయం, ఆదోని, ఎమ్మిగనూరు పల్లెలు సుగ్గికి పోతాయి. పత్తికీ మిరపకూ గుంటూరు సీమకు, తెలంగాణకు కుటుంబాలు కదులుతాయి. పిల్లలూ వెంట పోతారు. ఉగాదికి తిరిగి వచ్చేసరికి పరీక్షల కాలం. పిల్లల కోసం సీజనల్ హాస్టళ్ళు పెడుతున్నారు, మంచిదే. కాని చెల్లెలిని ఎత్తుకొనే అక్కను ఏ హాస్టలు పట్టుకొస్తుంది? నాలుగు నెలలు పాఠం వినని పిల్లకూ, వినీ నేర్చుకోని పిల్లకూ జాబితాలో పడేది ఒకే గుర్తు. యార్డు యంత్రం వానను అడగనట్టే మన పరీక్ష సుగ్గిని అడగదు.

కాబట్టి ఉపాధ్యాయ మిత్రులను, విద్యార్థులను నేను కోరేది గ్రేడులా మార్కులా అన్న వాదం కాదు. తప్పిన పిల్లల జాబితా వచ్చినప్పుడు, ఆ పేరు పక్కన ఆ పిల్ల బడిలో ఎన్ని రోజులున్నది, ఎందుకు లేదు అన్న రెండు గడులు మనమే గీసి నింపాలి. హాజరు పట్టీ మన చేతిలోనే ఉన్నది, దానికి కమిషన్ అక్కరలేదు. ఆ గడులు నిండిన నాడు, తప్పింది పిల్లా, ఆ పిల్లను కూలికి పంపిన వ్యవస్థా అన్నది కాగితం మీద లెక్కగా కనిపిస్తుంది. లెక్క చేతికి వచ్చిన తరువాత దానిని పట్టుకొని అడగవలసింది మనం.