గాజుపై అక్షరం – ఇస్లామీయ కళలో లిపి ఎంపిక

గాజుమీద పేరో, ఆశీర్వచనమో, పవిత్రవాక్యమో వ్రాయించుకొనే అలవాటు నేడు సామాన్యుల ఇళ్లకు కూడ చేరింది. గాజును కొరికే లేపనమూ, అక్షరాలు కోసుకొనడానికి ఒక అంటుకాగితమూ వుంటే ఎవరైనా ఒక పూటలో చిన్న పలక తయారు చేసుకోగలరు. పని మొదలుపెట్టగానే మాత్రం ఒక ప్రశ్న ఎదురవుతుంది. అక్షరాలు ఏ శైలిలో వుండాలి? పుస్తకంలో అందంగా కనిపించినదాన్ని తీసుకొని గాజుమీదకు ఎక్కించడం పరిపాటి. ఆ విధంగా ఎక్కించిన అక్షరం తరచుగా చదవడానికి వీలులేకుండా పోతుంది.

ఈ ప్రశ్న కొత్తది కాదు. ఈజిప్టు, సిరియా, ఇరాన్ ప్రాంతాలలోని గాజు కార్ఖానాలవారు ఇస్లామీయ యుగపు తొలి శతాబ్దాలనుండి దీన్ని ఎదుర్కొన్నారు. ఈ పనివారిలో ముస్లింలతోపాటు యూదులు, క్రైస్తవులు కూడ వుండేవారు. వారు వదలిపోయిన వస్తువులను చూస్తే లిపి ఎంపిక కేవలం కంటి ఇంపుకోసం జరగలేదని తేటపడుతుంది. పనిముట్టు ఏది, చదివేవారు ఎవరు, వ్రాసే మాట ఎటువంటిది అనే మూడు విషయాలు కలిసి అక్షరపు రూపాన్ని నిర్ణయించాయి.

పనిముట్టు నిర్ణయించిన రూపం

ఇస్లామీయ కట్టడాలలో నేటికీ నిలిచివున్న అతిప్రాచీన శాసనాలలో ఒకటి గాజుతోనే రూపొందినది. జెరూసలేములోని ఖుబ్బతుస్సఖ్రా, అనగా శిలాగుంబజు, ఉమయ్యద్ ఖలీఫా అబ్దుల్ మలిక్ కాలంలో హిజ్రీ 72 (క్రీ.శ. 691-92) నాటిది. దాని లోపల ఎనిమిది పలకల స్తంభశ్రేణికి రెండు ముఖాలా సుమారు 240 మీటర్ల పొడవున శాసనం సాగుతుంది. ముదురురంగు నేలపై బంగారు అక్షరాలు. ఇవి చిన్న చిన్న గాజుఘనాలను పక్కపక్కన పొదిగి చేసినవి. ఘనాలతో సన్నని వంపు తీర్చడం కష్టం, నిలువుగీత, అడ్డగీత తేలిక. స్థూలంగా కూఫీ అని మనం పిలిచే కోణాల లిపి ఈ పనికి సహజంగా అమరింది.

అదే శతాబ్దాంతంలో అబ్దుల్ మలిక్ నాణెముల సంస్కరణ జరిపి బొమ్మలను తీసివేసి అక్షరాలనే నాణెంపై నిలిపాడు. ఆ తరువాత ఈజిప్టులో దీనారులను, దిర్హములను తూచడానికి గాజుబిళ్లలు వాడుకలోకి వచ్చాయి. వేడిగా మెత్తగా వున్న గాజుముద్దపై లోహపు అచ్చును నొక్కితే ముద్ర పడేది. ధాన్యం, నూనె, పప్పులు కొలిచే పాత్రలకు కూడ ఇటువంటి ముద్రలు అతికించేవారు. వాటిపై ఆ కొలత ఎంతో, దాన్ని ఆజ్ఞాపించిన అధికారి ఎవరో వుంటుంది. 709 నుండి 714 వరకు ఈజిప్టు గవర్నరుగా వున్న ఖుర్రా ఇబ్న్ షరీక్ పేరుతో కూడ ఇటువంటివి దొరికాయి.

ఈ బిళ్లలపై అలంకారమేమీ లేదు. పొట్టి పంక్తులు, బొద్దు అక్షరాలు. అచ్చులో అక్షరాన్ని తిరగవేసి చెక్కాలి. అది కరగిన గాజుపై పడి చల్లారేసరికి అంచులు కొంత మొద్దుబారతాయి. సన్నని గీత వుంటే అది పూడిపోతుంది. అంగడిలో తూకం న్యాయంగా జరగడానికి ఆ అక్షరమే సాక్షి కనుక అది చెదరకుండా వుండడమే ముఖ్యమైంది. వీటిని చేసిన పనివాడు అందానికి ముందు నమ్మకాన్ని కోరుకున్నాడనవచ్చును.

చల్లారిన గాజును చెక్కే పద్ధతి వేరు. తిరిగే సానచక్రానికి రాపిడిపొడి, నీరు అందిస్తూ గాజును దానికి ఒత్తిపట్టి కోస్తారు. స్ఫటికాన్ని చెక్కేవారి పద్ధతి కూడ ఇదే. వెనిస్ లోని సెయింట్ మార్క్ ఖజానాలో ఒక స్ఫటికపు కూజా వున్నది. ఫాతిమీ ఖలీఫా అల్-అజీజ్ బిల్లాహ్ (975-996) పేరున దీవెన దాని భుజంపై కూఫీ లిపిలో చెక్కివుంది. అదే ఖజానాలో వైడూర్యపు నీలిరంగు గాజుగిన్నె ఒకటి వున్నది. దాని ఐదు పలకలపై కుందేళ్లు, అడుగున కూఫీలో “ఖురాసాన్” అనే మాట. వైడూర్యమంటే ఇక్కడ ఫిరోజా అని గ్రహించాలి. చక్రం వాటంగా సాగేది నేరుగా, లేదా పెద్ద వంపుతో. చిన్న మెలికవద్ద చక్రపు అంచు పక్కకు తగిలి గాజు పెచ్చులూడే ప్రమాదం వుంటుంది. కూఫీలోని పొడుగు నిలువులు, తిన్నని ఆధారరేఖ చక్రానికి అనుకూలించాయి. కాగితంపై వ్రాతలో గుండ్రని లిపులు వ్యాపించిన తరువాత కూడ చెక్కడపు పనిలో కూఫీ చాలాకాలం నిలిచివుండడానికి ఇది ఒక కారణం.

చుక్కతో కొలిచిన అక్షరం

ఈలోగా బాగ్దాదులో లిపికళకు శాస్త్రీయమైన కట్టుబాటు ఏర్పడింది. అబ్బాసీ వజీరు ఇబ్న్ ముఖ్లా (మరణం 940) రెల్లుకలం పాళీతో పెట్టిన చతురస్రపు చుక్కను కొలతగా తీసుకొని అక్షరాల పాళ్లు నిర్ణయించాడని సంప్రదాయం చెబుతుంది. అలిఫ్ ఎన్ని చుక్కల పొడవుండాలో తెలిస్తే, తక్కిన అక్షరాల వంపులను దానితో పోల్చి గీయవచ్చును. ఇబ్న్ అల్-బవ్వాబ్ (మరణం 1022), యాఖూత్ అల్-ముస్తాసిమీ (మరణం 1298) ఈ మార్గాన్ని పరిపూర్ణం చేశారు.

గాజు పనికి ఈ పద్ధతివల్ల కలిగిన మేలు మామూలుది కాదు. కొలత అంగుళాలలో కాక చుక్కలలో వున్నప్పుడు అక్షరం అరచేతిలోని పుటనుండి పెద్ద దీపం నడుముకు పెరిగినా దాని పాళ్లు చెడవు. వ్రాయసగాని చేతిలోని అందాన్ని కార్ఖానావాడు మరొక ఉపరితలానికి తీసుకుపోవడానికి దారి ఏర్పడింది.

మస్జిదు దీపాలు

ఆ దారి ఎక్కడికి పోయిందో మమ్లూక్ సుల్తానుల (1250-1517) కాలపు మస్జిదు దీపాలు చూపుతాయి. కైరోలోని ఇస్లామీయ కళా మ్యూజియంలో వీటి సంగ్రహం ప్రసిద్ధమైనది. 1356లో ఆరంభమైన సుల్తాన్ హసన్ మదరసాకు చెందిన దీపాలు అందులో అనేకం వున్నాయి. ఇవి ఊదిన గాజుతో చేసినవి. మధ్య ఉబ్బుగా, మెడ పైకి పోనుపోను వెడల్పుగా వుంటుంది. నూనె గిన్నె లోపల వుండేది. గొలుసులతో పైకప్పునుండి వేలాడదీసేవారు.

ఇక్కడ చెక్కడం లేదు. రంగుగాజును పొడిచేసి, జిగురు పదార్థంతో కలిపి, కలంతో, కుంచెతో పూసి కొలిమిలో కాల్చేవారు. ఎనామెల్ అంటే ఇదే. చేతిలో కలం వుంది కనుక కోణాల లిపికి కట్టుబడనవసరం లేదు. వారు ఎన్నుకున్నది సులుస్ లిపి. దీనిలో అలిఫ్, లామ్ వంటి నిలువు అక్షరాలు ఎత్తుగా లేస్తాయి. కింద నూన్, యా వంటివాటి వంపులు లోతుగా పాకుతాయి. గుండ్రని పాత్ర చుట్టూ పట్టీగా వ్రాసినప్పుడు ఈ నిలువులు వరుసగా నిలిచి కన్ను జారిపోకుండా పట్టుకుంటాయి. కింద నిలబడి దూరంనుండి చూసేవానికి కూడ మాట దొరుకుతుంది.

సాధారణంగా మెడపై ఖుర్ఆన్ లోని నూర్ సూరా 35వ వాక్యపు తొలిభాగం వుంటుంది. దైవజ్యోతిని గూడులోని దీపంతో, ఆ దీపాన్ని కప్పిన గాజుతో, ఆ గాజును మెరిసే నక్షత్రంతో పోల్చిన వాక్యమది. దీపంపై వ్రాయడానికి ఇంతకన్న తగిన మాట మరొకటి దొరకదు. నడుముపై సుల్తాను లేక అమీరు పేరు, బిరుదులు వుంటాయి. చాల దీపాలలో మెడపై అక్షరాలే నీలం, నడుముపై మాత్రం నేల నీలం, అక్షరం బంగారు పూతతో తేటగా వదలినది. దీపం వెలిగించినప్పుడు ఒక పట్టీలో వెలుగు అక్షరం వెనుకనుండి వస్తుంది, రెండవ పట్టీలో అక్షరంగుండానే వస్తుంది. పైగా వెడల్పయ్యే మెడ కిందివైపుకు వాలివుంటుంది కనుక నేలపై నిలిచినవాని చూపుకు ఎదురుగా వుంటుంది. పవిత్రవాక్యాన్ని అక్కడ పెట్టడంలో మర్యాదా వుంది, చదివేవానిపట్ల శ్రద్ధా వుంది.

న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో అమీర్ ఖౌసూన్ పేరిట సుమారు 1329-35 మధ్య చేసిన దీపం వున్నది. దానిపై అక్షరాలతోపాటు పానపాత్ర చిహ్నం కనిపిస్తుంది. ఖౌసూన్ సుల్తానుకు పానీయం అందించే సాకీ పదవిలో వుండడమే దానికి కారణం. చదువురానివాడు కూడ దాత ఎవరో గుర్తించడానికి ఆ చిహ్నం చాలు.

ఇంత నేర్పు వున్నా ఒక ఇబ్బంది తప్పలేదు. సులుస్ నిండుగా స్థలం కోరుతుంది. చాల దీపాలపై వాక్యం పూర్తికాకముందే పట్టీ ముగిసిపోతుంది. తెలిసినవాడు తక్కిన భాగాన్ని మనసులో పూరించుకుంటాడు. లిపిని ఎన్నుకోవడమంటే దాని పరిమాణాన్ని, మాటల లెక్కను కూడ ఎన్నుకోవడమే అని ఈ దీపాలు గుర్తుచేస్తాయి.

మాటనుబట్టి మర్యాద

ఇంటిలో వాడే గిన్నెలపై, కూజాలపై సాధారణంగా కనిపించేవి బరకత్, శుభం, ఆరోగ్యం కోరే దీవెనలు, యజమాని పేరు. పవిత్రవాక్యాలు ఎక్కువగా పైన వేలాడే దీపాలకు, గోడలకు చేరాయి. చేతులు మారే పాత్ర, కడుక్కొనే పాత్ర, పగిలితే చెత్తలోకి పోయే పాత్ర ఆ వాక్యాల గౌరవానికి తగిన చోటు కాదనే భావన దీనిలో కనిపిస్తుంది. గాజు పగిలే వస్తువు. కనుక దానిపై ఏ మాట నిలపాలి అనేది అక్షరశైలికన్న ముందు తేల్చుకోవలసిన విషయం.

మాటనూ రూపాన్నీ విడదీస్తే ఏమవుతుందో 19వ శతాబ్దపు యూరపు చూపింది. పారిసులో ఫిలిప్ జోసెఫ్ బ్రొకార్ మమ్లూక్ దీపాలను శ్రద్ధగా పరిశీలించి, ఎనామెల్ పద్ధతిని పునరుద్ధరించి, 1867 నాటి అంతర్జాతీయ ప్రదర్శనలో తన పనిని చూపాడు. ఆయన పనితనం మెచ్చదగినదే. అయితే యూరపులో ఆ వరవడిలో వచ్చిన అలంకార వస్తువులు కొన్నింటిపై అరబ్బీ అక్షరాలవలె కనిపించే గీతలు వున్నాయిగాని వాటిలో చదవడానికి మాట లేదు. చదవని చేయి అక్షరాన్ని లతగా మార్చింది.

మన దక్కనులో ఈ పొరపాటు జరగలేదు. హైదరాబాదులో ముహమ్మద్ ఖులీ ఖుత్బ్ షా నిర్మించిన బాద్షాహీ ఆషూర్ఖానా గోడలపై 1611 ప్రాంతపు రంగుపలకల పని వున్నది. పలకపై నిగనిగలాడే పూత కూడ ఒకవిధమైన గాజే. అక్కడ రంగుపలకలను ముక్కలుగా కోసి, అలముల ఆకృతిలో అక్షరాలను కూర్చారు. కోయడానికి సాగే గీత, దూరంనుండి గుర్తుపట్టే ఆకృతి, సందర్భానికి తగిన మాట మూడూ ఒకచోట కలిశాయి.

నేటి ఇంటి పనికి

గాజును కొరికే ఆమ్లాన్ని షీలే 1771లో శాస్త్రీయంగా వివరించాడు. ఇసుకను విసిరి గాజును మసకబరిచే యంత్రానికి 1870లో అమెరికాలో టిల్గ్‌మన్ పేటెంటు పొందాడు. నేడు ఇంటిలో వాడే లేపనంలో ఫ్లోరైడు లవణాలు వుంటాయి. అవి చర్మానికి, కంటికి, ఊపిరికి హానికరం. చేతితొడుగులు, గాలి ఆడే చోటు తప్పనిసరి. పిల్లలను దూరంగా వుంచాలి.

ఇక లిపి సంగతి. అచ్చుకాగితం కోసేవాడు పాతకాలపు సానచక్రంవానివంటివాడే. అతనికి చతురస్రపు కూఫీ అన్నిటికన్న తేలిక. తిన్నని అంచులు శుభ్రంగా వస్తాయి. సులుస్ కావాలంటే అక్షరం పెద్దదిగా, మాట చిన్నదిగా వుండాలి. ఉర్దూకు అలవాటైన నస్తాలీఖ్ లో వెంట్రుకవంటి సన్నగీతలు వుంటాయి. లేపనం అంచుకిందకు పాకితే అవి చెదరిపోతాయి. మీమ్, వావ్, ఫా అక్షరాల కళ్లు ఒంటికాగితపు అచ్చులో ఊడి పడిపోతాయి. వాటిని విడిగా అంటించుకోవాలి, లేదా సన్నని వంతెన వదలాలి. చుక్కలు మరచిపోతే బా తా అవుతుంది, మాట అర్థమే మారుతుంది. తెలుగులో పేరు వ్రాసుకొనేవారికీ ఇదే చిక్కు. సున్న, ర, మ వంటి అక్షరాల కడుపులు నిలవాలంటే ఇదే జాగ్రత్త కావాలి.

గాజుకు రెండు వైపులున్నాయి. ఒకవైపు చదివే మాట రెండవవైపు తిరగబడుతుంది. తలుపు అద్దానికి ఏ వైపు ముఖ్యమో ముందే తేల్చుకోవాలి. ఉస్మానీ లిపికారులు ప్రీతితో వ్రాసిన ముసన్నా పద్ధతిలో ఒకే మాట, దాని ప్రతిబింబం ఎదురెదురుగా కలుస్తాయి. రెండు వైపులా ఒకే ఆకృతి కనిపించాలనుకొనేవారికి అది మంచి మార్గం.

తూకపు బిళ్ల చేసినవాడు, దీపం చిత్రించినవాడు వేర్వేరు లిపులు ఎన్నుకున్నారు. ఇద్దరూ సరిగానే ఎన్నుకున్నారు. అంగడిలో ఆ బిళ్లను చేతిలోకి తీసుకొన్నవానికీ, మస్జిదులో తల ఎత్తి చూసినవానికీ మాట అందింది. నేడు గాజు ముందు కూర్చున్నవారు కూడ మొదట ఆ చదివే మనిషిని తలచుకొని, తరువాతనే అచ్చుకాగితం కోయడం మంచిది.