విండోస్‌లో తెలుగు లిపి మార్పిడి: ‘పద్మ’ పొడిగింత – చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం

స్క్రిప్టింగ్ భాషలో రాసిన ప్రోగ్రాము నడవాలంటే దాన్ని చదివి అమలుచేసే ఇంటర్‌ప్రెటర్ కంప్యూటరులో ఉండాలి. అందుకే లిబ్రెఆఫీస్ తన విండోస్ ప్రతిలో పైథాన్‌ను వెంట తెచ్చుకుంటుంది. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌లోనైతే జావాస్క్రిప్ట్ ఇంటర్‌ప్రెటర్ అంతర్భాగం. ఈ ఏర్పాటు తెలుగు పాఠానికి చేసిన మేలును, తెచ్చిన పరాధీనతను ‘పద్మ’ చరిత్ర ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. నేపథ్యం

1991లో వెలువడిన యూనికోడ్ తొలి ప్రమాణంలోనే తెలుగుకు స్థానం దక్కింది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది. అయినా తెలుగు దినపత్రికల వెబ్‌సైట్లు చాలాకాలం సొంత ఫాంట్లనే వాడాయి. వాటిలో తెలుగు అక్షరభాగాలు ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన సంకేతస్థానాల్లో ఉండేవి. ఫాంటు లేకుంటే తెరపై అర్థంలేని గుర్తులు కనిపించేవి. ఉన్నా, ఒక తెలుగు పదాన్ని టైపుచేసి వెతకడం కుదిరేది కాదు.

3. పద్మ – లేఖిని

2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు శ్రీకారం చుట్టిన వెన్న నాగార్జున, ‘పద్మ’ను జావాస్క్రిప్ట్‌లో ఫైర్‌ఫాక్స్ పొడిగింతగా రూపొందించారు. ఈనాడు వంటి పత్రికల పాఠాన్ని అది యూనికోడ్‌లోకి మార్చేది. తలకట్టు, గుడి, వత్తు వంటి ముక్కలను గుర్తించి, ఉచ్చారణక్రమంలో కూర్చడం ఇందులోని కీలకాంశం. కిషన్‌బాగ్ వంటి పాతబస్తీ వాడలో విండోస్ వాడే విద్యార్థిని ఉదాహరణగా తీసుకుంటే, అతనికి ఫైర్‌ఫాక్స్, పద్మ ఉంటే చాలు. ఇంటర్‌ప్రెటర్‌ను విడిగా స్థాపించుకోనక్కరలేదు. పద్మ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కావడంతో, వీవెన్ 2006లో దాని కోడ్ ఆధారంగా ‘లేఖిని’ని వెబ్‌పేజీగా తీర్చిదిద్దగలిగారు.

4. పరాధీనత

2017 నవంబరులో విడుదలైన ఫైర్‌ఫాక్స్ 57 పాత తరహా పొడిగింతలకు మద్దతు నిలిపివేసింది. ఇంటర్‌ప్రెటర్ అలాగే ఉంది. పొడిగింతలు బ్రౌజర్‌తో అనుసంధానమయ్యే పాత మార్గమే మూసుకుపోయింది. పద్మ పాత రూపం ఆ బ్రౌజర్‌లో నిరుపయోగమైంది. సాధారణ వెబ్‌పేజీ అయిన లేఖినికి ఈ మార్పు అడ్డు కాలేదు.

5. ముగింపు

ఆతిథ్యమిచ్చిన సాఫ్ట్‌వేర్ పద్మకు సులభంగా పాఠకులను చేకూర్చింది. దాని మనుగడను తన నిర్ణయాలకు కట్టుబడేలా కూడా చేసింది. అయితే పద్మలోని అసలు సంపద ఫాంట్ల అక్షరపట్టికలు, మార్పిడి సూత్రాలు. అవి ఏ ఒక్క బ్రౌజర్‌కూ చెందినవి కావు. పాత ఫాంట్లలో మిగిలిన తెలుగు పాఠాన్ని రేపటి పరిశోధకులు చదవాలంటే, ముందుగా ఆ పట్టికలను భద్రపరచడం అవసరం.