టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్, ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వ వ్యాజ్యం (2004)

టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ (టి.సి.ఎస్.) సంస్థకు, ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వానికి మధ్య నడిచిన ఈ అమ్మకపు పన్ను వ్యాజ్యంలో భారత సుప్రీంకోర్టు 2004 నవంబరు 5న తీర్పు వెలువరించింది. లైసెన్సుపై పంపిణీ అయ్యే రెడీమేడ్ సాఫ్ట్‌వేరు పన్ను చట్టం దృష్టిలో 'సరుకు' అవుతుందా అన్నది ఇందులోని ప్రధాన ప్రశ్న.

నేపథ్యం

డేటాబేసు సాఫ్ట్‌వేరుకు పేరొందిన ఒరాకిల్‌తో పాటు లోటస్ మొదలైన ప్యాకేజీలను టి.సి.ఎస్. కొనుగోలుదారులకు సరఫరా చేసేది. ఇతరులకు ఉపలైసెన్సు ఇచ్చే అనుమతిని హక్కుదారుల నుండి ముందే పొందేది. ఈ అమ్మకాలపై ఆంధ్ర ప్రదేశ్ సాధారణ అమ్మకపు పన్ను చట్టం, 1957 ప్రకారం పన్ను విధించారు. అప్పట్లో కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాలతో సహా రాష్ట్రమంతటా అమలులో ఉన్న చట్టమిది. సాఫ్ట్‌వేరు కంటికి కనిపించని మేధోసంపత్తి అని, కాబట్టి సరుకు కాదని సంస్థ వాదించింది. హైకోర్టులో ఓడిపోయి సుప్రీంకోర్టును ఆశ్రయించింది.

తీర్పు

ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం ఈ వాదనను త్రోసిపుచ్చింది. కాపీహక్కు హక్కుదారు వద్దనే ఉన్నప్పటికీ, ప్రోగ్రాము ప్రతిని డిస్కు వంటి మాధ్యమంపై అమ్మినపుడు అది సరుకే అవుతుందని పేర్కొన్నది. వినియోగదారుని కోసం ప్రత్యేకంగా తయారు చేసే సాఫ్ట్‌వేరుపై మాత్రం ధర్మాసనంలోని అధికసంఖ్యాకులు అభిప్రాయం చెప్పలేదు.

ప్రాముఖ్యత

ప్రతిని కొనడం వేరు, కాపీహక్కు పొందడం వేరు. పుస్తకం కొన్నవారికి దానిని తిరిగి అచ్చువేసే హక్కు రానట్లే, డేటాబేసును కొన్న సంస్థకు దాని భాగాలను తన ఉత్పత్తితో కలిపి పంచే హక్కు దానంతట అదే రాదు. అందుకు లైసెన్సులో పునఃపంపిణీ అనుమతి ఉండాలి. విదేశీ సాఫ్ట్‌వేరు ప్రతులను తిరిగి అమ్మే పంపిణీదారులు చెల్లించే సొమ్ము కాపీహక్కుపై రాయల్టీ కాదని సుప్రీంకోర్టు 2021 మార్చి 2న మరొక వ్యాజ్యంలో తీర్పు చెప్పింది.