పరీక్ష నాళికలో మన ఉద్దానం

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంఘం మిత్రులు అడిగినప్పుడు, ఇంతమంది డాక్టర్లు, ఇంజనీర్లు ఉండగా ల్యాబ్ టెక్నీషియన్‌ని నేనేం రాస్తాననుకున్నాను. కానీ భావనపాడు నుంచి వెళ్ళి నేను నేర్చుకున్న పనికి ఒక చరిత్ర ఉంది. అది మన ప్రాంతంతో ముడిపడిందే.

బడిలో మా సైన్సు మాస్టారు నౌపడ ఉప్పును నీళ్ళలో కరిగించి, వడపోసి, మళ్ళీ స్ఫటికాలు చేయించేవారు. గ్లాసు సరిగ్గా కడగకపోతే, "నీ ఉప్పులో నిన్నటి పాఠం కూడా ఉందిరా" అనేవారు. నవ్వుకునేవాళ్ళం.

1990ల చివర్లో విశాఖపట్నంలో ల్యాబ్ శిక్షణకు వెళ్ళాక ఆ మాట విలువ తెలిసింది. అక్కడ క్రియాటినిన్ పరీక్ష నేర్పారు. కండరాల్లో పుట్టే ఈ వ్యర్థాన్ని కిడ్నీలు బయటికి పంపాలి. అవి దెబ్బతింటే అది రక్తంలో పేరుకుపోతుంది. క్షారంలో పిక్రిక్ ఆమ్లం కలిపితే క్రియాటినిన్ నారింజ ఎరుపు రంగునిస్తుందని 1886లో జర్మన్ శాస్త్రవేత్త మాక్స్ యాఫే గమనించారు. ఆ రంగును కొలిచి లెక్క చెప్పే పద్ధతిని 20వ శతాబ్దం మొదట్లో రూపొందించినవారు ఆటో ఫోలిన్. తర్వాత ఆయన హార్వర్డ్‌లో నడిపిన జీవరసాయన విభాగంలోనే, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేశారు. రక్తం, మూత్రాల్లోని ఫాస్ఫరస్‌ను నీలి రంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతిని ఆ ఇద్దరూ 1925లో ప్రకటించారు. ఫాస్ఫరస్ పరీక్ష కిడ్నీ రోగులకు నేటికీ అవసరమే.

చరిత్ర చదవడం వేరు, చేత్తో చేయడం వేరు. పిక్రిక్ ఆమ్లం ఒక్క క్రియాటినిన్‌తోనే రంగునివ్వదు. చక్కెర, ప్రోటీన్ల వంటివి కూడా నెమ్మదిగా రంగు పెంచుతాయి. అందుకే గడియారం చూసి సరిగ్గా నిర్ణీత సమయానికే కొలవాలి. ఒకరోజు నేను టీకి వెళ్ళొచ్చి, ఒక నాళికను ఆలస్యంగా చూశాను. అంకె ఎక్కువొచ్చింది. ఆ రక్తం వజ్రపుకొత్తూరు వైపు నుంచి వచ్చిన కుర్రాడిది. వాళ్ళమ్మ బయట బల్ల మీద కూర్చుని ఉంది. అప్పటికే ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో మంచాన పడ్డవారి సంగతులు మనం వింటున్న రోజులవి. ఆ అంకె ఆమెకు ఏమని వినిపిస్తుందో నాకు తెలుసు.

మా సీనియర్ కాగితం చూసి, "ఎన్నో నిమిషంలో చూశావు?" అని ఒక్కటే అడిగారు. నేను తలదించుకున్నాను. మళ్ళీ చేయించారు. ఫలితం మామూలుగానే వచ్చింది. ఆ తల్లికి ఈ సంగతి ఎప్పటికీ తెలియదు. నేను మాత్రం మరవలేదు.

దీనికి వ్యతిరేకమైన పొరపాటూ ఉంది. ఉద్దానం జబ్బులో మూత్రంలో ప్రోటీన్ తక్కువగానే పోతుంది. మూత్రంలో ముంచే పట్టీ మాత్రమే చూసి బాగుందనుకుంటే, జబ్బు ముదిరేదాకా తెలియదు. రక్తం చూడాలి. ఒకసారి ఎక్కువొచ్చినా మూడు నెలల తర్వాత మళ్ళీ చూసి నిర్ధారించుకోవాలి. పరిశోధనలో ఇది ఇంకా ముఖ్యం. కవిటి నమూనాను ఒక తీరుగా, మందస నమూనాను ఇంకో తీరుగా కొలిస్తే, తేడా ఊళ్ళదో, మన చేతులదో ఎవరూ చెప్పలేరు. నీరు, ఎండ, పురుగుమందులు, వంశపారంపర్యం అంటూ ఎన్నో అనుమానాలున్నా, అసలు కారణం ఇంకా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. యంత్రాలు కొనవచ్చు. చేతులు మాత్రం మన ఊళ్ళ నుంచే రావాలి.

అందుకే మిత్రులకు ఒక మనవి. ఈ స్వర్ణోత్సవ గుర్తుగా మన బడి ల్యాబ్‌కు నాలుగు మంచి పిపెట్లు, ఒక కలరీమీటర్ కొనిద్దాం. నెలకో శనివారం నేనొచ్చి పిల్లలకు నేర్పుతాను. మొదటి పాఠం మాత్రం మాస్టారిదే: గ్లాసు శుభ్రంగా కడగడం.