ప్లాటినం థర్మామీటరు, దాని తొడుగు

వేడెక్కిన కొద్దీ లోహపు తీగలో విద్యుత్ నిరోధం పెరుగుతుందని హంఫ్రీ డేవీ 1821లోనే గమనించాడు. ఆ గుణాన్ని పనిలో పెట్టినవాడు ఇంజనీరు విలియం సీమెన్స్. 1860లో రంగూన్–సింగపూర్ సముద్రపు కేబుల్ ఓడలో చుట్టలుగా పడి ఉండగా, లోపల కాగుతోందేమోనని దాని మధ్య రాగితీగ చుట్టలు దూర్చి చూశాడు. కోరంగి రేవు నుంచి గోదావరి జనం వలసపోయిన రంగూనే అది.

రాగి తర్వాత ఈ పనికి ప్లాటినం వచ్చింది. అది తుప్పు పట్టదు, మారదు, అందుకే గెలిచిందని పాఠ్యపుస్తకాలు ఒక్క వాక్యంలో ముగిస్తాయి. జరిగింది అంత నున్నగా లేదు. 1871లో సీమెన్స్ చూపిన పరికరంలోనూ తీగ ప్లాటినందే. దాన్ని మట్టి దిమ్మ మీద చుట్టి ఇనుప గొట్టంలో పెట్టాడు. కొలిమిలో కాల్చి తీశాక సున్నా డిగ్రీల దగ్గర మునుపటి నిరోధం తిరిగి రావడం లేదని బ్రిటిష్ అసోసియేషన్ కమిటీ 1874లో తేల్చింది. పద్ధతి మీదే నమ్మకం సడలింది. కొలిమి పనికి కొద్ది డిగ్రీల తేడా పెద్ద అడ్డం కాదు కాబట్టి సీమెన్స్ పూర్తిగా ఓడాడనడమూ సరికాదు. తప్పు తీగలో లేదని 1887లో భౌతిక శాస్త్రవేత్త హ్యూ కాలెండర్ నిరూపించాడు. మట్టి, కొలిమి వాయువులు తీగను చెడగొట్టాయి. శుద్ధమైన తీగను బిగుతు లేకుండా, మలినం తగలకుండా ఉంచితే అది నిలకడగానే ఉంది. తర్వాత మట్టి దిమ్మకు బదులు అభ్రకపు చట్రం వచ్చింది. 1927 నాటి అంతర్జాతీయ ఉష్ణోగ్రతా మానం ప్లాటినం థర్మామీటరును ప్రమాణంగా తీసుకోవడానికి పునాది కాలెండర్ చేసిన ఆ పనే.

నేడు గ్యాసు విద్యుత్ కేంద్రాల్లో జనరేటరు వైండింగులకూ బేరింగులకూ కాపలా ఇలాంటి సెన్సర్లదే. ఫిట్టర్ల నోట ఈ సెన్సరే ఆర్‌టీడీ, అంటే రెసిస్టెన్స్ టెంపరేచర్ డిటెక్టర్. ఎక్కువగా కనిపించే పీటీ-100కి సున్నా డిగ్రీల వద్ద 100 ఓములు, నూరు డిగ్రీల వద్ద 138.5 ఓములు. బి తరగతి సెన్సరుకు నూరు డిగ్రీల దగ్గర 0.8 డిగ్రీల తేడా అనుమతిస్తారు. అయినా తెర మీద దశాంశం మెరుస్తూనే ఉంటుంది, చూసేవారు దాన్ని నమ్ముతూనే ఉంటారు. రెండు తీగల కనెక్షన్‌లో ఒక ఓము అదనంగా చేరితే రెండున్నర డిగ్రీలు ఎక్కువ చూపుతుంది. మూడు, నాలుగు తీగల పద్ధతులు ఆ దోషాన్ని సరిచేస్తాయి. కాకినాడ తీరపు గాలిలో ప్రమాదం మరో వైపు నుంచి వస్తుంది. సెన్సరు లోహపు తొడుగు మూతి సరిగా మూయకపోతే లోపల నింపిన ఇన్సులేషన్ పొడిలోకి తేమ దిగి, కరెంటు పక్కదారి పడుతుంది. అప్పుడు నిరోధం తగ్గినట్టు కనిపించి, బేరింగు ఉన్న వేడి కన్నా తెర తక్కువే చెబుతుంది.