సంతకాలయ్యాక మార్పు కుదరదా?

మన ఆఫీసుల్లోకి కంప్యూటర్లు వచ్చిన చరిత్ర గురించి ప్రత్యేక సంచికకు రాయమని సంపాదకులు కోరారు. ఆ చరిత్రలో నా వంతు తప్పు ఒకటుంది. అది చెప్పేముందు, అలాంటి తప్పునే ఆలస్యంగానైనా దిద్దుకున్న ఒక పరాయి దేశపు కార్యాలయం కథ చెబుతాను. ఫైలు నడక తెలిసిన మనకు ఇది కొత్తగా అనిపించదు.

ముందు అవసరాలన్నీ రాసుకోవడం, తరువాత నమూనా, ఆ పైన ప్రోగ్రాము రాయడం, చివరికి పరీక్ష. 1970లో విన్‌స్టన్ రాయిస్ అనే అమెరికన్ ఇంజనీరు ఒక వ్యాసంలో ఈ క్రమాన్ని బొమ్మ గీసి చూపాడు. నీరు మెట్ల మీదుగా కిందికి దూకినట్టుండే ఈ పద్ధతికి తరువాత 'వాటర్‌ఫాల్' అనే పేరు స్థిరపడింది. దీన్ని ఉన్నదున్నట్టు అమలు చేస్తే ప్రమాదమని రాయిస్ ఆ వ్యాసంలోనే హెచ్చరించాడు. లోకం బొమ్మను తీసుకుంది, హెచ్చరికను వదిలేసింది. ప్రభుత్వాలకు ఇది నచ్చడంలో ఆశ్చర్యం లేదు. టెండరు, ఒప్పందం, తుది బిల్లు అనే మన అలవాటుకు అది అతికినట్టు సరిపోయింది.

2001 ఫిబ్రవరిలో యూటా రాష్ట్రంలోని స్నోబర్డ్ అనే మంచుకొండల విడిదిలో 17 మంది ప్రోగ్రాము నిపుణులు సమావేశమై వేరే దారి ప్రకటించారు. దాని పేరు 'ఎజైల్'. పనిని చిన్న చిన్న విడతలుగా చేయాలి. ప్రతి విడతనూ వాడేవారికి చూపాలి. వారు చెప్పినదాన్ని బట్టి తరువాతి విడతను మార్చుకోవాలి. కూర చేసేటప్పుడు మధ్యలో ఉప్పు చూసుకోవడం లాంటిదే ఇది. వడ్డించాక చూస్తే ప్రయోజనమేమిటి?

ఈ పద్ధతి అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థలోకి వచ్చిన వైనం మన గుమాస్తా బుద్ధికి ఇంపుగా ఉంటుంది. 1976లో అక్కడ వ్యర్థాల చట్టం వచ్చింది. 1978లో న్యూయార్క్ రాష్ట్రంలోని లవ్ కెనాల్‌లో, పాతిపెట్టిన రసాయనాల మీద ఇళ్లు కట్టుకున్న కుటుంబాల గోడు దేశమంతా విన్నది. 1980 నుంచి ప్రమాదకర వ్యర్థాలు బయలుదేరిన చోటు నుంచి చేరవలసిన చోటు దాకా వెంట ఒక పత్రం ఉండి తీరాలన్న నిబంధన అమలయింది. ఆ పత్రమే మేనిఫెస్ట్. పంపినవారు, మోసినవారు, అందుకున్నవారు వరుసగా సంతకాలు చేయాలి. ఎక్కడైనా సంతకం తప్పితే ఆ సరుకు ఏ వాగులో కలిసిందోనని ఆరా తీయాలి. ఒక్కో సరుకుకు ఆరు ప్రతుల కాగితం.

దీన్ని కంప్యూటరులోకి మార్చాలని 2012 అక్టోబరు 5న చట్టమయింది. గడువు మూడేళ్లు. మరుసటి ఏడాది అక్టోబరు 1న ఆ దేశపు ఆరోగ్య బీమా వెబ్‌సైటు ప్రారంభమైన రోజే కుప్పకూలింది. మొదటి రోజు నమోదు పూర్తి చేయగలిగినవారు ఆరుగురే. ఆ దెబ్బతో ప్రభుత్వం మేలుకొంది. 2014లో '18ఎఫ్' అనే సాంకేతిక బృందం ఏర్పడింది. ఆఫీసు ఉన్న వీధుల కూడలే దాని పేరు. ఈ బృందం పర్యావరణ సంస్థకు తోడై, పెద్ద ఒప్పందానికి బదులు చిన్న విడతల్లో పని చేయించే దారి చూపింది. తయారైన మేరకు రాష్ట్రాల అధికారులకు, పరిశ్రమల వారికి చూపి, వాడించి, సరిదిద్దారు. గడువు దాటినా, 2018 జూన్ 30న ఈ-మేనిఫెస్ట్ మొదలయింది.

అంతటితో కథ సుఖాంతమని అనలేను. మొదటి కొన్నేళ్లు పూర్తిగా కంప్యూటరులోనే నడిచిన పత్రాలు నూటికి ఒక్కటి కూడా లేవు. లారీ డ్రైవరు చేతికి, చిన్న వర్క్‌షాపు యజమాని చేతికి కాగితమే సులువు. సంస్థ వారి మీద మండిపడలేదు. పంపేవారు కాగితం మీద సంతకం చేసినా, అక్కడి నుంచి కంప్యూటరులో నడిపే మిశ్రమ విధానం పెట్టింది. 2021 జూన్ 30 నుంచి తపాలాలో వచ్చే పత్రాలను తీసుకోవడం మానేసింది. ఒక్కో మెట్టుగా మార్చింది. దారి చూపిన 18ఎఫ్‌ను మాత్రం 2025 మార్చిలో మూసేశారు.

మనకూ ఈ పత్రం ఉంది. 2016 నాటి మన నిబంధనల్లోని పదో ఫారం ఏడు ప్రతులు, ఏడు రంగులు. తెలుపు ప్రతి కాలుష్య నియంత్రణ మండలికి, పసుపు పంపినవారికి, గులాబీ అందుకున్నవారికి, ఇలా సాగుతుంది. పటాన్‌చెరు వైపు నక్కవాగు పరిసరాల రైతుల కష్టం ఎరిగినవారికి ఆ రంగు కాగితాల విలువ చెప్పనక్కరలేదు.

ఇక నా తప్పు. ఆఫీసు పేరు అప్రస్తుతం. దరఖాస్తుల కంప్యూటరీకరణకు అవసరాల పుస్తకం తయారు చేసిన కమిటీలో నేనొకణ్ణి. అందరం సంతకాలు చేశాం. ఇన్‌వర్డు చూసే జూనియర్ అసిస్టెంటు ఒకామె వచ్చి, "సార్, 1985లో మండలాలు వచ్చినా జనం ఇంకా పాత తాలూకా పేరే రాస్తున్నారండీ. రెంటికీ చోటుండాలి" అంది. "సంతకాలైపోయాయమ్మా, ఇప్పుడు మార్చడం కుదరదు" అన్నాను. కంప్యూటరు వచ్చాక తాలూకా పేరుతో వచ్చిన దరఖాస్తులు దొరికేవి కావు. ఆమె తన డబ్బుతో ఒక లాంగ్ నోటుబుక్కు కొని, రెండు పేర్లూ రాసి పెట్టుకుంది. చాలా కాలం ఆఫీసు నడిచింది ఆ నోటుబుక్కు మీదే. ఆ సంగతి ఏ నివేదికలోనూ నేను రాయలేదు.

స్నోబర్డ్‌లో 17 మంది చెప్పినది, ఆమె నా బల్ల ముందు నిలబడి చెప్పినది ఒకటే. వాడే మనిషిని ముందు అడగండి, అడిగాక వినండి. నేడు ఉద్యోగాల్లో ఉన్న మన పిల్లలు ఈ పద్ధతులను కొత్త పేర్లతో నేర్చుకుంటున్నారు. వారికి మనం ఇవ్వదగ్గది మన అనుభవమే, అందులోని పొరపాట్లతో సహా. ఆనాడు ఆ అమ్మాయికి ఇవ్వని జవాబు ఈ నాలుగు పేజీల్లో ఇస్తున్నాను. శలవు.